తలుపును చివరికి వదిలేయకండి

హ్యాంగర్లు (విమానాలు నిలిపే షెడ్లు), భారీ పారిశ్రామిక షెడ్లు కట్టించే యజమానులకు, వాటికి లెక్కలు వేసే స్ట్రక్చరల్ ఇంజనీర్లకు, నేల పోసే సివిల్ కాంట్రాక్టర్లకు, రేపు ఆ తలుపుల దగ్గర మనుషుల్ని పనికి పెట్టే నిర్వహణ అధికారులకు,

నమస్కారం.

పెద్ద జారుడు తలుపులు తయారుచేసేవాళ్లం, బిగించేవాళ్లం, చెడిపోతే బాగుచేసేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మేం అడిగేది ఒక్కటే. తలుపు సంగతి పునాది గీసే రోజునే తేల్చండి. కప్పు పడ్డాక, నేల గట్టిపడ్డాక, విమానం వచ్చే తేదీ ఖాయమయ్యాక “ఇక తలుపు ఒక్కటే మిగిలింది” అంటారు. అప్పటికే ఆ తలుపు బాగా నడుస్తుందో లేదో తేల్చే నిర్ణయాలు ముప్పాతిక వంతు అయిపోయి ఉంటాయి, తలుపు గురించి ఆలోచించని వాళ్ల చేతుల్లో. ఆ తర్వాత ఎంత మంచి తలుపు తెచ్చి నిలబెట్టినా అది ఇరుక్కుంటుంది, కారుతుంది, పట్టా తప్పుతుంది. మనుషుల మీద పడే తలుపులూ ఉన్నాయి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు దీని పరిమాణం మనసుకు ఎక్కాలి. 10 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల ఎత్తు ఉన్న ఒక్క రెక్క తీసుకుందాం. విస్తీర్ణం 120 చదరపు మీటర్లు. ఉక్కు చట్రం, రేకు, రబ్బర్లు, చక్రాలు కలిపి చదరపు మీటరుకు 50 కిలోలు వేసుకున్నా 6 టన్నుల బరువు. దీని మీదికి గాలి వస్తే ఏమవుతుందో లెక్క సులువే. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. సెకనుకు 40 మీటర్లు, అంటే గంటకు 144 కిలోమీటర్ల గాలికి 960 న్యూటన్లు. 120 చదరపు మీటర్లకు దాదాపు పదకొండున్నర టన్నుల తోపు. తలుపు బరువుకు ఇది రెట్టింపు. ఇందులో సగం కింది పట్టా మీదికి, సగం పై గైడు (రెక్క పై అంచును పట్టి ఉంచే గాడి) మీదికి పోతుంది. పైన రెండు చోట్ల గైడ్ రోలర్లు ఉంటే ఒక్కో చోట దాదాపు 3 టన్నుల అడ్డ తోపు. భవనం ఆకారాన్ని బట్టి, మూలల దగ్గర లాగుడును బట్టి ఇది ఇంకా పెరుగుతుంది. గోడకు తగిలించిన రేకుగా కాక, కదిలే గోడగా దీన్ని చూడమని మేం అనేది ఇందుకే.

కేటలాగ్ చూసి తలుపు కొనేటప్పుడు గాలి తరగతి తప్పకుండా చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12424 ప్రకారం 2వ తరగతి తలుపు 450 పాస్కల్స్‌కు (పాస్కల్ అంటే చదరపు మీటరుకు ఒక న్యూటన్), 3వది 700కు, 4వది 1000కి. 450 పాస్కల్స్ అంటే సెకనుకు 27 మీటర్ల గాలి. తుపాను గాలి వీచే చోట 2వ తరగతి తలుపు పెట్టి, మిగతా భవనాన్ని పెద్ద గాలికి డిజైన్ చేస్తే ఆ డిజైన్ అంతా వృథా. ఎందుకంటే తలుపు పోయిన క్షణంలో గాలి లోపలికి దూరి కప్పును కింది నుంచి పైకి ఎత్తుతుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 7లో పూర్తిగా మూసిన భవనానికి లోపలి ఒత్తిడి గుణకం 0.18. ఒకవైపు పెద్ద నోరు తెరుచుకున్న భవనానికి అదే 0.55, అంటే మూడు రెట్లు. స్ట్రక్చరల్ ఇంజనీర్లను మేం అడిగే మొదటి ప్రశ్న ఇదే: మీ కప్పు లెక్క తలుపు మూసి ఉంటేనా, తెరిచి ఉంటేనా? మూసి ఉంటేనే అయితే ఆ మాట డ్రాయింగు మీద రాయండి. ఎంత గాలికి తలుపు మూసి తీరాలో ఆ సంఖ్య తలుపు నడిపే మనిషికి గోడ మీద కనబడాలి. గాలి కొలిచే పరికరం కూడా ఒకటి పెట్టించండి. చెట్ల కొమ్మల ఊపు చూసి వేసే అంచనా ఇక్కడ చాలదు.

ఇప్పుడు వెడల్పు. ఇక్కడ యజమానులు పదేపదే పప్పులో కాలేస్తారు. 60 మీటర్ల గోడ, 10 మీటర్ల రెక్కలు ఆరు, మూడు పట్టాలు. మధ్య నుంచి మూడు కుడికి, మూడు ఎడమకు జరుగుతాయి. మూడు రెక్కలూ ఒకదాని వెనక ఒకటి చేరాక కూడా అటు 10 మీటర్లు, ఇటు 10 మీటర్లు మూసుకునే ఉంటుంది. దారి 40 మీటర్లే. రెక్కల కొస నుంచి కొసకు 36 మీటర్ల దాకా ఉండే కోడ్ సీ తరగతి విమానానికి అటూ ఇటూ 3 మీటర్ల చొప్పున వదిలితే 42 మీటర్లు కావాలి. 60 మీటర్ల హ్యాంగర్ కట్టి, బోయింగ్ 737-800 లాంటి 35.8 మీటర్ల రెక్కల విమానాన్ని ఊపిరి బిగబట్టి లోపలికి లాగాల్సిన పరిస్థితి అలా వస్తుంది. అవే ఆరు రెక్కల్ని ఆరు పట్టాల మీద పెట్టి అన్నిటినీ ఒకే పక్కకు నెడితే 50 మీటర్లు వస్తుంది, కానీ ఆరు పట్టాలకు నేల మీద మూడు మీటర్లకు పైగా లోతు పోతుంది. భవనం బయట రెండు పక్కలా 10 మీటర్ల చొప్పున పట్టా పొడిగించి, పైన గైడును మోసే స్తంభాలు కట్టి, రెక్కల్ని అక్కడ నిలబెడితే 60కి 60 మీటర్లూ తెరుచుకుంటుంది. అయితే ఆ స్తంభాలకు పునాది కావాలి, ఆ స్థలంలోకి రోడ్డో కాలువో రాకూడదు. నేల పోశాక ఇవేవీ మార్చలేం.

ఎత్తు విషయానికొస్తే, ఎయిర్‌బస్ ఏ320 తోక 11.76 మీటర్లు, 737-800 తోక 12.5 మీటర్లు, ఏ380ది 24.1 మీటర్లు. తోక ఎత్తు కాగితం మీద చూసి అర మీటరు కలిపి తలుపు ఎత్తు తేల్చేయకండి. గుమ్మం దగ్గర నేల వాలు మారితే, ముందు చక్రం పల్లంలోకి దిగిన క్షణంలో తోక పైకి లేస్తుంది. ఆ వాలు కూడా గీసి చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ వచ్చే చోటు పై గైడు, కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం.

బరువు మొత్తం కింది పట్టా మోస్తుంది. పైన ట్రస్ (కప్పును మోసే ఉక్కు చట్రం) నుంచి రెండు ఉక్కు పలకలు కిందికి వేలాడుతుంటాయి. వాటి మధ్య సందులో, నిలువు ఇరుసు మీద తిరిగే రోలర్ ఉంటుంది. గాలి బయటి నుంచి తోస్తే రోలర్ లోపలి పలకను ఒత్తుతుంది, లోపలి నుంచి తోస్తే బయటి పలకను. బొమ్మలో ఇంతే. అసలు చిక్కు ఏమిటంటే ట్రస్ కదులుతుంది, తలుపు కదలదు. 60 మీటర్ల ట్రస్‌కు పైబరువు కింద వంగుడు 300లో ఒక వంతుకు అనుమతిస్తే అది 200 మిల్లీమీటర్లు. గాలి కప్పును ఎత్తినప్పుడు పైకి మరో 80 అనుకుందాం. మొత్తం 280 మిల్లీమీటర్ల ఊపు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఇది నిబంధనలకు లోబడిన మామూలు వంగుడు. మాకు అది ప్రాణాంతకం, ముందుగా చెప్పకపోతే.

ట్రస్ కిందికి వంగినప్పుడు రోలర్ పైన ఖాళీ లేకపోతే కప్పు వచ్చి తలుపు మీద కూర్చుంటుంది. కప్పు మోయడానికి కట్టని తలుపు స్తంభమైపోతుంది. చక్రం బేరింగు పగులుతుంది, కింది దూలం వంగుతుంది, మోటారు నడవక ఫ్యూజు పోతుంది. అందరూ మోటారును తిడతారు. ట్రస్ పైకి లేచినప్పుడు పలకల పొడవు చాలకపోతే రోలర్ సందులోంచి బయటికి వచ్చేస్తుంది. అది కూడా సరిగ్గా పెద్ద గాలి వీస్తున్న సమయంలోనే. పైన పట్టులేని 12 మీటర్ల రెక్క ఎటు పడుతుందో గాలి ఇష్టం.

కాబట్టి లెక్క ఇలా వేయండి. కిందికి 200, పైకి 80, బిగింపు తేడాలకు 25, అన్నీ పోయాక కూడా రోలర్ పలకల మధ్య మిగలాల్సిన పట్టు 50, రోలర్ మందం 100. మొత్తం 455 మిల్లీమీటర్లు. చిన్న తలుపుల గైడు 150 లోతుది తెచ్చి ఇక్కడ పెడితే అది మొదటి పెద్ద గాలి దాకే. అంత లోతు గైడు కుదరకపోతే, ట్రస్‌తో పాటు పైకీ కిందికీ కదలనిచ్చి అడ్డ తోపును మాత్రం ఆపే ఏర్పాటు చేయవచ్చు, కానీ అదీ డిజైన్ దశలోనే జరగాలి. ట్రస్ వంగుడును మాకు మూడు ముక్కలుగా ఇవ్వండి: సొంత బరువుకు ఎంత, పైబరువుకు ఎంత, గాలి ఎత్తుకు ఎంత. “అనుమతించిన పరిమితిలోనే ఉంది” అన్న జవాబు మాకు ఉపయోగపడదు, మిల్లీమీటర్లు కావాలి. కప్పుకు వేలాడే క్రేన్ ఉంటే అది తలుపు వైపు వచ్చినప్పటి వంగుడు వేరుగా చెప్పండి.

గైడు బిగించే సమయమూ ముఖ్యమే. కప్పు రేకులు, గొట్టాలు, దీపాలు అన్నీ ఎక్కాక, మంటలార్పే గొట్టాల్లో నీళ్లు నింపాక, అప్పుడు గైడు మట్టం సరిచేయాలి. ఖాళీ ట్రస్‌కు రసమట్టం చూసి బిగించిన గైడు నెల తిరిగేసరికి మధ్యలో దిగిపోయి ఉంటుంది. ప్రారంభోత్సవం తేదీ కోసం ఈ వరస మార్చమని మమ్మల్ని దయచేసి బలవంతపెట్టకండి.

ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెక్క బయటి ముఖం లోపలి ముఖం కన్నా 30 డిగ్రీలు వేడెక్కితే, 12 మీటర్ల ఎత్తు, 400 మిల్లీమీటర్ల మందం ఉన్న చట్రం మధ్యలో దాదాపు 16 మిల్లీమీటర్లు బయటికి విల్లులా వంగుతుంది. పొద్దున అంటుకుని ఉన్న రబ్బరు మధ్యాహ్నం విడిపోవడానికి కారణం ఇదే. రబ్బరు అతుకులకు 20 మిల్లీమీటర్ల ఆట వదలండి, రెక్కల మధ్య ఒకదాని మీద ఒకటి 150 మిల్లీమీటర్లయినా కప్పుకునేలా చూడండి.

ఇక కింది పట్టా. నేలంతా ఒకేసారి పోసి, తర్వాత పట్టా కోసం కోసుకోమనడం మేం ఎక్కువగా చూసే తప్పు. పోసేటప్పుడే పట్టా దారిలో 400 వెడల్పు, 300 లోతు గాడి వదలండి, అడుగున యాంకర్ బోల్టులు వేయండి. పట్టాను ప్రతి 500, 600 మిల్లీమీటర్లకు ఒక లెవెలింగ్ బోల్టు జత మీద కూర్చోబెట్టి, మట్టం, నిటారు సరిచేసి, ఆ తర్వాతే కుంచించుకోని గ్రౌట్ (సందు నింపే సిమెంటు ముద్ద), రెండో విడత కాంక్రీటు. మట్టంలో మేం ఒప్పుకునే అత్యధిక తేడా 3 మీటర్లకు 1.5 మిల్లీమీటర్లు, మొత్తం పొడవుకు 3. మామూలు నేల పోతలో ఈ కొలత ఎవరికీ రాదు, రాదని నిందించం కూడా. అందుకే రెండో విడత.

పట్టా కింది పునాది పక్క నేలకన్నా ఎక్కువ దిగినా చిక్కే, తక్కువ దిగినా చిక్కే. దాని మీదుగా విమానం చక్రాలు దాటతాయి. నిండు బరువు 78 టన్నుల ఏ320లో ఒక్కో మెయిన్ గేరు (ప్రధాన చక్రాల జత) మీద దాదాపు 36 టన్నులు, అందులో ఒక్కో టైరుకు 18. హ్యాంగర్‌లోకి వచ్చేటప్పుడు అంత ఇంధనం ఉండకపోయినా గాడి అంచును దాన్ని తట్టుకునేలా కట్టాలి. కాంక్రీటు అంచును వట్టిగా వదిలితే ఏడాదిలో పెళ్లలు ఊడతాయి. ఉక్కు యాంగిల్ తొడగండి. చక్రం ఫ్లాంజి (చక్రం పట్టా తప్పకుండా ఆపే అంచు) తిరిగే గాడి 45, 50 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే పనిముట్ల బండి చిన్న చక్రాలు అందులో దిగబడతాయి.

పట్టా వేడికి సాగుతుందని చాలామంది భయపడతారు. 80 మీటర్ల పట్టా 40 డిగ్రీల తేడాకు 38 మిల్లీమీటర్లు పెరుగుతుందన్నది నిజమే. అయితే కాంక్రీటూ దాదాపు అంతే పెరుగుతుంది, రెండూ కలిసే కదులుతాయి. అసలు చిక్కు నేలలో విస్తరణ సందు ఉన్న చోట పట్టాను ఏకంగా వెల్డింగ్ చేసేసినప్పుడు వస్తుంది. అక్కడ పట్టాకూ సందు ఇవ్వాలి, అదీ ఏటవాలుగా కోసి, చక్రం అందులో దభీమని పడకుండా. మిగతా అతుకులన్నీ వెల్డింగ్ చేసి నున్నగా గ్రైండింగ్ చేయండి.

నీళ్లు మరో సంగతి. గాడి అంటేనే కాలువ, వాన వస్తే నిండుతుంది. ప్రతి 6 మీటర్లకు ఒక 100 మిల్లీమీటర్ల గొట్టం పెట్టి నీరు పోయే దారి చూపండి. లేకపోతే పట్టా తుప్పుపట్టి ఉబ్బి పక్క కాంక్రీటును పగలగొడుతుంది. విమానాల హ్యాంగర్‌లో ఈ గొట్టాన్ని నేరుగా వాన కాలువలో కలపకండి. ఒలికిన ఇంధనం గాడిలోకే చేరుతుంది, కాబట్టి నీటినీ నూనెనూ విడదీసే తొట్టి గుండా పోవాలి. రెక్క కింది దూలానికి కూడా ప్రతి గదికి ఒక 12 మిల్లీమీటర్ల రంధ్రం ఉండాలి. బయటికి నిగనిగలాడే రంగు ఉన్న దూలాలను లోపలి నుంచి తుప్పు తినేసి ఉండటం మాకు కొత్త కాదు.

మోటారు ఎంత అన్నది బరువుతో తేల్చే అలవాటు మానాలి. మన 6 టన్నుల రెక్కను గాలి లేని రోజున, మంచి బేరింగుల మీద దొర్లించడానికి 0.6 కిలోన్యూటన్ల తోపు చాలు. నలుగురు నెడితే కదులుతుంది. సెకనుకు 15 మీటర్ల గాలి వీస్తే రెక్క మీద 16 కిలోన్యూటన్ల అడ్డ తోపు పడుతుంది. అందులో సగం చక్రం ఫ్లాంజిని పట్టాకు ఒత్తి రాపిస్తుంది. అప్పుడు కావలసిన లాగుడు 2, 2.4 కిలోన్యూటన్లకు చేరుతుంది. పై రోలర్లు బిగిసిపోయి దొర్లకుండా ఈడ్చుకుంటూ వస్తే అది 3.5, 4 దాకా పోతుంది. రెండు చక్రాల్లో ఒక్కదానికే మోటారు ఉంటే దాని మీద 3 టన్నులే. తడిసిన పట్టా మీద పట్టు 15 శాతం అనుకుంటే 4.4 కిలోన్యూటన్ల దగ్గర చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. మోటారు ఎంత పెద్దదైనా లాభం లేదు. గాలి పెరిగి, తలుపు తప్పకుండా మూయాల్సిన క్షణంలోనే అది మొరాయించే కారణం ఇదే. రెండు చక్రాలకూ మోటారు ఇవ్వండి, లేదా గొలుసుతో లాగండి. దేనికన్నా ముందు పై రోలర్లకు గ్రీజు పెట్టే దారి ఇవ్వండి. 12 మీటర్ల ఎత్తులో రోలర్ పెట్టి, దాని దగ్గరికి మనిషి చేరే మార్గం గీయని డ్రాయింగులు ఎన్నో. చేరలేని రోలర్‌కు ఎవరూ గ్రీజు పెట్టరు.

రెక్క వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మీద ఒక మాట: వెడల్పు ఎత్తులో సగానికన్నా తగ్గితే, సన్నగా పొడుగ్గా ఉన్న రెక్క నడుస్తూ ఓరగిలి ఇరుక్కుంటుంది. పైనుంచి వేలాడే తలుపులు చిన్న గోదాములకు, రెక్క ఒకటి ఒకటిన్నర టన్నుల లోపు ఉంటే బాగానే నడుస్తాయి. ఆపైన కింది పట్టాకే వెళ్లండి.

విమానాల హ్యాంగర్లకు విద్యుత్ పనిచేసేవారు మరవకూడనిది ఒకటుంది. ఇంధనం ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది. అమెరికా విద్యుత్ కోడ్ 513వ అధికరణం నేలకింది గుంటలను డివిజన్ 1గా (మామూలుగానే ఆవిరి చేరే చోటు), నేల నుంచి 450 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఉన్న హ్యాంగర్ అంతటినీ డివిజన్ 2గా (ఏదైనా తేడా వచ్చినప్పుడే చేరే చోటు), ప్రమాద స్థలాలుగా లెక్కిస్తుంది. చక్రం పక్కనే మామూలు మోటారు పెట్టడం సులువు, చవక కూడా, కానీ అది సరిగ్గా ఆ ఆవిరిలోనే కూర్చుంటుంది. మోటారును, స్విచ్చులను 450కి పైన పెట్టి గొలుసుతో చక్రానికి దించండి. నేల గాడిలో విద్యుత్ పట్టీలు వేయడం అసలే వద్దు, కేబుల్ పైనుంచి రావాలి. హ్యాంగర్ల అగ్ని ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 409 ఇంకోటి అడుగుతుంది: భవనం మెయిన్ స్విచ్ కట్టేసినా తలుపు లైను బతికే ఉండాలి, కరెంటు పూర్తిగా పోతే ట్రాక్టరుతోనో వించితోనో తెరవగలగాలి. మంటల్లో ఉన్న భవనంలో విమానాన్ని బయటికి లాగాల్సి వచ్చినప్పుడు ఇది ఎందుకో అర్థమవుతుంది. లాగడానికి రెక్క కింది భాగంలో కొక్కెం పెట్టించుకోండి. ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కుతో పొడిచి నెట్టనివ్వకండి, కింది దూలం ఒక్క పోటుకే వంగుతుంది.

ఇప్పుడు మనుషుల సంగతి. తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ దేనికైనా తగిలితే మోటారు ఆగుతుంది, కాబట్టి భయం లేదని అనుకుంటారు. కానీ 6 టన్నుల బరువు సెకనుకు 0.3 మీటర్ల వేగంతో వస్తూ ఆగమనగానే ఆగదు. సెకనుకు సెకనుకు 0.3 మీటర్ల చొప్పున వేగం తగ్గినా 150 మిల్లీమీటర్లు ముందుకు వెళ్లే ఆగుతుంది. రబ్బరు పట్టీ 60 మిల్లీమీటర్లే నొక్కుకోగలిగితే మిగిలిన 90 మిల్లీమీటర్లు మధ్యలో ఉన్న మనిషి ఛాతీ భరించాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12453 ప్రకారం 50 నుంచి 500 మిల్లీమీటర్ల సందులో ఒత్తిడి 400 న్యూటన్లు దాటకూడదు, అదీ 0.75 సెకను లోపే తగ్గిపోవాలి. అదే 6 టన్నులను 100 మిల్లీమీటర్లలో ఆపాలంటే 2700 న్యూటన్లు కావాలి. కాబట్టి పట్టీ ఎంత నొక్కుకుంటుందో, తలుపు ఎంత దూరంలో ఆగుతుందో రెండూ కొలిచి, మొదటిది రెండోదానికన్నా ఎక్కువ ఉందని కాగితం మీద చూపమని తలుపు ఇచ్చేవారిని అడగండి. చూపలేకపోతే చివరి రెండు మీటర్లు వేగం తగ్గించాలి, లేదా ముందుగా మనిషిని పసిగట్టే సెన్సర్ పెట్టాలి. నొక్కి పట్టుకుంటేనే నడిచే బటన్ తప్పనిసరి. ఆ బటన్ దగ్గర నిలబడితే తలుపు అంచు కళ్లకు కనబడాలి. బటన్‌ను టేపుతో అతికించి వదిలేయడం కనబడితే ఆ రోజుకు తలుపు ఆపేయండి. కదులుతున్నంతసేపూ గంట, దీపం పనిచేయాలి.

ఒకదాని పక్క నుంచి ఒకటి జరిగే రెక్కల మధ్య చట్రం అడ్డకమ్ములు కత్తెరలా పనిచేస్తాయి. చేయి ఆనించిన మనిషికి అది తెలిసేలోపే అయిపోతుంది. మనిషికి అందే ఎత్తు దాకా చట్రం లోపలి ముఖాన్ని రేకుతోనో సన్నని జాలితోనో మూసేయండి. రెక్కలో చిన్న తలుపు ఉంటే, అది తెరిచి ఉన్నంతసేపూ పెద్ద తలుపు కదలకుండా స్విచ్ ఉండాలి. తెరిచినప్పుడు కనీసం 3 మీటర్లు తెరవండి. మనిషి దూరేంత సందు వదిలితే మనుషులు దూరుతారు, సరిగ్గా మూసే సమయంలోనే.

జారుడు తలుపులు, గేట్లు మనుషుల మీద పడి చంపడానికి మాకు కనబడే ప్రధాన కారణం మరీ చిన్నది: పట్టా చివర స్టాపర్ లేకపోవడం, ఉన్నది ఊడిపోతే తిరిగి పెట్టకపోవడం. రెక్క చివరికి రాగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్ స్టాపర్ కాదు. స్విచ్ పాడైన రోజున రెక్క గైడు చివర దాటి పోతుంది, పైన పట్టు వదులుతుంది, పడుతుంది. నేల మీద ఒకటి, పై గైడు చివర ఒకటి, కాంక్రీటులోకీ ఉక్కులోకీ దిగిన బలమైన స్టాపర్లు ప్రతి పట్టాకూ రెండు చివర్లా ఉండాలి. రోలర్ విరిగినా రెక్క పడకుండా పట్టే ఉక్కు కొక్కెం పైన వేరుగా ఉండాలి. మరమ్మతుకు స్టాపర్ తీశారంటే, అది తిరిగి బిగించేదాకా రెక్కను పట్టాకు క్లాంపుతో కట్టేయాలి, కరెంటు తాళం వేసి తాళంచెవి పనిచేసే మనిషి జేబులో ఉండాలి.

పెద్ద గాలి వస్తుందంటే రెక్కలన్నీ మూసి నేల గడియలు దించండి. సగం తెరిచిన తలుపు అన్నిటికన్నా చెడ్డ స్థితి. బయట స్తంభాల మధ్య నిలిపిన రెక్కలకూ గడియలు ఉండాలి, వీటిని చాలాచోట్ల మరచిపోతారు.

నిర్వహణ పెద్ద విద్య కాదు. వారానికోసారి గాడి ఊడ్చి, స్క్రూలు, రాళ్లు, తీగముక్కలు తీయాలి. నెలకోసారి నీటి గొట్టాల్లో నీళ్లు పోసి చూడాలి. మూడు నెలలకు బేరింగులకు, పై రోలర్లకు గ్రీజు పెట్టి బోల్టులు సరిచూడాలి. ఆరు నెలలకు రబ్బరు పట్టీ ఒత్తిడి పరికరంతో కొలవాలి. ఏడాదికి పట్టా మట్టం, పైన రోలర్ పట్టు కొలిచి రాసుకోవాలి. పట్టా ఒక పక్కే మెరుస్తోందంటే ఫ్లాంజి ఆ పక్కనే రాస్తోంది, చక్రం వంకరగా ఉందన్నమాట. ఫ్లాంజి మందం సగం అరిగితే చక్రం మార్చేయాలి. చక్రం మార్చడానికి రెక్కను ఎత్తే జాకీ చోటు కింది దూలానికి ముందే కట్టి ఉండాలి. లేకపోతే చక్రం ఖరీదు కన్నా క్రేన్ కిరాయి ఎక్కువవుతుంది.

అప్పగింత రోజున ఒక్క పని చేయించుకోండి. గాలి తక్కువగా ఉన్నప్పుడు ప్రతి రెక్కనూ ఈ చివర నుంచి ఆ చివరకు ఐదుసార్లు నడిపించి, మోటారు తీసుకున్న ఆంపియర్లు, పట్టిన సెకన్లు, ఆ పూట గాలి వేగం, రెండు చివర్లా, మధ్యలో పై రోలర్ పట్టు మిల్లీమీటర్లలో రాయించండి. ఆ కాగితాన్ని ఆఫీసు బీరువాలో కాక, తలుపు కంట్రోల్ పెట్టె లోపలి ముఖాన అతికించండి. ఏడాది తర్వాత అదే గాలికి ఆంపియర్లు పాతిక శాతం పెరిగి కనబడితే మోటారు జోలికి పోకుండా ముందు పై రోలర్ల దగ్గరికి ఎక్కి చూడండి.

ఇట్లు,
జారుడు తలుపులు తయారుచేసే, బిగించే, బాగుచేసే పనివారు, ఇంజనీర్లు